ఉపవాక్యం నడిచొచ్చిన దారి: ఆఫెన్‌బాఖ్ నుంచి గండిమైసమ్మ దాకా

ఇంగ్లీషు గ్రామరు చదువుకున్న వాళ్ళలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది. నౌన్ క్లాజ్, ఎడ్జెక్టివ్ క్లాజ్, ఎడ్వర్బ్ క్లాజ్ అనే మూడు రకాలు ఆ భాషతోపాటే పుట్టాయనీ, వ్యాకర్తలు వాటిని చూసి పేర్లు పెట్టారనీ అనుకుంటాం. నిజానికి ఈ విభజన వయసు దాదాపు రెండొందల ఏళ్ళు, అంతే. షేక్‌స్పియర్‌కి ఈ పేర్లు తెలియవు. మన భాషకు వ్యాకరణం రాసిన తొలితరం దొరలకూ తెలియవు. ఆ విభజన యూరప్‌నుంచి మన బళ్ళలోకి ఒక దారిన వచ్చింది. అదే పనిని తెలుగు ఇంకో దారిన ఎప్పటినుంచో చేసుకుంటూనే ఉంది. ఈ రెండు దారులూ మన తరగతి గదుల్లో ఎప్పుడూ ఎదురుపడలేదు. ఎందుకు ఎదురుపడలేదో చూడటం, పడితే ఏం దొరుకుతుందో చెప్పడం ఈ వ్యాసం పని.

నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఇంజనీరింగ్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. ఉండేది గండిమైసమ్మలో. నర్సాపూర్ వెళ్ళే రోడ్డు మీద ఈ చౌరస్తా చుట్టూ, దుండిగల్ దాకా, ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. మెదక్ వైపునుంచి, ఇంకా దూరపు పల్లెలనుంచి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలు వాటిలో ఉన్నారు. నాలుగో సంవత్సరంలో క్యాంపస్ ఇంటర్వ్యూలకు ముందు 'వెర్బల్ ఎబిలిటీ' అనే పరీక్ష ఒకటి వాళ్ళకు అడ్డు పడుతుంది. ఆదివారాలు కొందరితో కూర్చుని ఆ ప్రశ్నలు చేయిస్తుంటాను. అల్గారిదమ్ చెప్తే ఇట్టే అందుకునే పిల్లలు, గీత గీసిన క్లాజు ఏ రకమో చెప్పమంటే ఆగిపోతారు. ఇది తెలివికి సంబంధించిన సంగతి కాదని మొదటి వారమే అర్థమైంది. మరి దేనికి సంబంధించిందో వెతుకుతూ పోతే చరిత్రలోకి వెళ్ళాల్సి వచ్చింది.

డాక్టరుగారి వ్యాకరణం

1795లో లిండ్లీ మరే రాసిన ఇంగ్లీషు వ్యాకరణం చాలాకాలం బళ్ళను ఏలింది. అందులో వాక్యాలు రెండే రకాలు: సింపుల్, కాంపౌండ్. మనం ఇప్పుడు కాంప్లెక్స్ అనేది కూడా ఆ రెండో గంపలోనే పడిపోయేది. అప్పటి వ్యాకరణం చూపంతా మాట మీదే. ఈ మాట ఏ భాషాభాగం, దీని విభక్తి ఏది, దీన్ని శాసించేది ఏది అని ఒక్కొక్క పదాన్నీ విప్పి చెప్పడమే చదువు.

దాన్ని మార్చిన ఆలోచన జర్మనీలో పుట్టింది. కార్ల్ ఫెర్డినాండ్ బెకర్ వృత్తిరీత్యా వైద్యుడు, ఆఫెన్‌బాఖ్‌లో ఉండేవాడు. 1827లో భాషను ఒక జీవి శరీరంగా చూస్తూ ఆయనొక పుస్తకం వేశాడు. శరీరంలో ప్రతి అంగానికీ ఒక పని ఉన్నట్టే వాక్యంలో ప్రతి భాగానికీ ఒక పని ఉంటుంది. అలాంటప్పుడు ఒక వాక్యం మొత్తం పోయి ఇంకో వాక్యంలో నామవాచకం పని చేయవచ్చు, విశేషణం పని చేయవచ్చు, క్రియావిశేషణం పనీ చేయవచ్చు. మూడు క్లాజుల విభజన ఇదే. ఇంగ్లండులో బడి ఇన్స్‌పెక్టరుగా పనిచేసిన జె. డి. మొరెల్ ఈ పద్ధతిని 1852లో వాక్య విశ్లేషణ మీద రాసిన పుస్తకంతో ఇంగ్లీషు బళ్ళలోకి తెచ్చాడు. తర్వాత అది పరీక్షలకు బాగా పనికొచ్చింది. పిల్లలు గళ్ళు గీసి నింపితే మార్కులు వేయడం సులువు కదా.

బెకర్ మొదట చూసింది పనిని. ఆ భాగం వాక్యంలో ఏం చేస్తోంది అన్నదే ఆయన ప్రశ్న. దాన్ని ఏ మాటతో గుర్తుపట్టాలన్నది తర్వాతి సంగతి. మన దగ్గరికి వచ్చేసరికి ఈ వరస తిరగబడింది.

మద్రాసులో ఏమైంది

విలియం కేరీ సేరాంపూర్‌లో తెలుగు వ్యాకరణం అచ్చువేసింది 1814లో. ఎ. డి. కాంప్‌బెల్ వ్యాకరణం మద్రాసులో 1816లో వచ్చింది. దాని ముందుమాటలోనే ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుదుటినుంచి వచ్చాయని వాదించాడు. సి. పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో వచ్చింది. ఈ ముగ్గురూ మొరెల్ కంటే ముందువాళ్ళు. వాళ్ళు చదువుకున్న ఇంగ్లీషు వ్యాకరణంలో 'హూ', 'విచ్' అనేవి సర్వనామాలు, అంటే మాటలు. తెలుగులోకి వచ్చి చూస్తే ఆ మాటలు చేసే పని కనిపిస్తోంది గానీ మాటలు లేవు. 'నిన్న వచ్చిన మనిషి' అన్నప్పుడు 'హూ' ఎక్కడుంది? 'వచ్చిన' అనే క్రియారూపంలోనే ఉంది. దానికి దొరలు పెట్టుకున్న పేరు 'రెలెటివ్ పార్టిసిపుల్'. రాబర్ట్ కాల్డ్‌వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాస్తూ, సంస్కృతానికీ ఈ కుటుంబానికీ ఉన్న పెద్ద తేడాల్లో దీన్నొకటిగా లెక్కించాడు. 1873లో ఎ. హెచ్. ఆర్డెన్ రాసిన తెలుగు వ్యాకరణంలోనూ ఈ పేరే ఉంది.

'రెలెటివ్' అన్న ఆ మాట ఒక పాత చూపుకు గుర్తు. తెలుగులో ఇంగ్లీషు మాట కోసం వెతికి, దొరక్క, దాని పని చేస్తున్న క్రియకు ఆ మాట పేరునే తగిలించారు. ఆ కొన్ని అక్షరాల్లో ఒక పూర్తి వాక్యం ఇమిడి ఉందని చెప్పే పరికరం అప్పటికి వాళ్ళ చేతిలో లేదు.

మరి మనవాళ్ళు? మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టింది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఒకే ఊళ్ళో, ఏడాది తేడాతో. బాలవ్యాకరణానికి పది పరిచ్ఛేదాలు: సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియా, కృదంత, ప్రకీర్ణకాలు. ఇందులో వాక్యానికంటూ పరిచ్ఛేదం లేదు. అయినా ఉపవాక్యానికి కావలసిన సామాను మొత్తం ఈ పుస్తకంలోనే ఉంది. 'వచ్చి' అనే క్త్వార్థకం, 'వస్తూ' అనే శత్రర్థకం, 'వస్తే' అనే చేదర్థకం, 'వచ్చిన' అనే ధాతుజ విశేషణం, వీటన్నిటినీ సూరి గుర్తించాడు. కానీ గుర్తించింది రూపాలుగా. ఏ ప్రత్యయం చేరితే ఏ రూపం వస్తుంది, దానికి సంధి అవుతుందా కాదా అన్నంతవరకే. 'వచ్చి' చివరి ఇకారానికి సంధి లేదని మనం బడిలో వల్లె వేశాం. ఆ 'వచ్చి' తన వెనక ఒక వాక్యాన్ని మోసుకొస్తోందని ఎవరూ చెప్పలేదు. తర్వాత బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణంలో వాక్యానికి ఒక పరిచ్ఛేదం ఇచ్చారు గానీ బడి వ్యాకరణం మోజు సంధుల మీదే, సమాసాల మీదే ఉండిపోయింది.

తమాషా ఏమిటంటే, పిల్లలు సమాసానికి విగ్రహవాక్యం చెప్పిన ప్రతిసారీ చేస్తున్నది ఉపవాక్యం విప్పడమే. మా ఊరి పేరే తీసుకోండి. 'గండిమైసమ్మ'ను నేనైతే 'గండి దగ్గర ఉన్న మైసమ్మ' అని విప్పుకుంటాను. ఆ 'ఉన్న' ఒక ఎడ్జెక్టివ్ క్లాజ్. తెలుగు పీరియడ్‌లో ఆ పని చేసిన పిల్లవాడు ఇంగ్లీషు పీరియడ్‌లో అదే పని కొత్తగా మొదలుపెడతాడు.

క్రియలు లెక్కపెట్టడం

19వ శతాబ్దం చివర్లో జె. సి. నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు ఇండియా బళ్ళలోకి దిగాయి. వాయవ్య రాష్ట్రాల్లో, అవధ్‌లో విద్యాశాఖకు డైరెక్టరుగా పనిచేసిన మనిషి ఆయన. క్లాజుల విశ్లేషణ మనకు బాగా తెలిసింది ఆ పుస్తకాలతోనే. 1930ల నడుమ పి. సి. రెన్, హెచ్. మార్టిన్‌ల హైస్కూల్ గ్రామరు వచ్చింది. ఆ రెన్ నవలాకారుడు కూడా, 'బో జెస్ట్' ఆయనదే. తర్వాతి రోజుల్లో ఆ గ్రామరును ఎన్. డి. వి. ప్రసాదరావు సవరించారు. మన ఇళ్ళలో అటకమీద దొరికే ప్రతుల్లో ఆ పేరు చూసే ఉంటారు.

ఈ పరంపర నుంచి బళ్ళలో, ఆ తర్వాత కోచింగ్ నోట్సుల్లో మిగిలిన సూత్రం చాలా సరళం. సమాపక క్రియలు లెక్కపెట్టు, ఎన్ని ఉంటే అన్ని క్లాజులు. 'దట్', 'విచ్', 'బికాజ్', 'వెన్' లాంటి మాటలు వెతుకు, అవి ఉన్నచోట సబార్డినేట్ క్లాజ్ మొదలవుతుంది. ఇంగ్లీషు వరకు ఇది మంచి సూత్రమే. తెలుగు నోటికి ఇది ఎందుకు ఎక్కదో చూడటానికి మా ఆఫీసులో రోజూ వినబడే వాక్యం ఒకటి చాలు:

'ద సర్వర్ విచ్ వుయ్ రీస్టార్టెడ్ లాస్ట్ నైట్ ఫెయిల్డ్ ఎగైన్ బికాజ్ ద డిస్క్ వాజ్ ఫుల్.'

సమాపక క్రియలు మూడు. అందుకని క్లాజులు మూడు. ఇప్పుడు తెలుగులో: 'రాత్రి మనం రీస్టార్ట్ చేసిన సర్వర్ డిస్క్ నిండిపోవడంతో మళ్ళీ ఆగిపోయింది.' సమాపక క్రియ ఒక్కటే, 'ఆగిపోయింది.' చెప్పిన సంగతులు మాత్రం అవే మూడు. మిగతా రెండూ 'చేసిన', 'నిండిపోవడంతో' అనే రూపాల్లో కుదించుకుపోయాయి. తెలుగులో ఆలోచించే పిల్లవాడికి క్రియలు లెక్కపెట్టమంటే, వాడి చెవికి వినబడేది ఒక్కటే.

తేడా క్రియల సంఖ్యతో ఆగదు. ఇంగ్లీషు ఉపవాక్యం ముందే బోర్డు పెట్టుకుని వస్తుంది. 'బికాజ్' అనగానే బ్రాకెట్ తెరుచుకుంటుంది. తెలుగు ఉపవాక్యానికి తెరిచే బ్రాకెట్ ఉండదు, మూసేదే ఉంటుంది. 'రాము నిన్న ఊర్నించి వచ్చి' అన్నచోట 'వచ్చి' దాకా వినేవాడికి ఇది ప్రధానవాక్యం కాదని తెలియదు. 'వచ్చాడు' అనీ అనొచ్చు, 'వస్తే' అనీ అనొచ్చు, 'వచ్చాడని' అనీ అనొచ్చు. తెలుగు వ్యాకరణం తోకలో ఉంది. తల దగ్గర వెతకమని చెప్తే పిల్లలకు ఏం దొరుకుతుంది?

దీనికి తోడు పేర్ల గొడవ. 'రాము వచ్చి కూర్చున్నాడు' అన్నది తెలుగు పాఠంలో సంక్లిష్ట వాక్యం. దాన్నే 'రాము కేమ్ అండ్ శాట్ డౌన్' అంటే ఇంగ్లీషు టీచరు కాంప్లెక్స్ అని ఒప్పుకోరు. సంక్లిష్టం అంటే కాంప్లెక్స్ అని డిక్షనరీ చెప్తుంది. ఒకే రోజు రెండు పీరియడ్లలో రెండు జవాబులూ సరైనవే. ఇద్దరు టీచర్లూ తప్పు చెప్పలేదు. ఒకరి పాఠం ఇంకొకరు వినలేదు, అంతే.

చేరా చూపించినది

తెలుగు వాక్యాన్ని వాక్యంగా చూసే పని గట్టిగా జరిగింది 20వ శతాబ్దంలోనే. 1957లో చామ్‌స్కీ పుస్తకం తర్వాత వాక్యం భాషాశాస్త్రానికి నడిబొడ్డు అయింది. కార్నెల్‌లో చదువుకుని ఉస్మానియాలో పనిచేసిన చేకూరి రామారావు 1975లో 'తెలుగు వాక్యం' రాశారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. చిన్న పుస్తకమే. ఒక వాక్యం ఇంకో వాక్యంలో ఎలా ఇముడుతుంది, ఇమిడేటప్పుడు క్రియ ఏ వేషం వేసుకుంటుంది అని తెలుగులో, తెలుగు ఉదాహరణలతో చెప్పిన పుస్తకం. సూరి రూపాలుగా విడివిడిగా పెట్టిన క్త్వార్థక, చేదర్థకాలు ఇక్కడ వాక్యాలను కలిపే పనిముట్లుగా కనిపిస్తాయి. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, జె. పి. ఎల్. గ్విన్ కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాశారు. ఇప్పుడు బడి తెలుగు వాచకాల్లో వాక్యభేదాలున్నాయి, ప్రత్యక్ష పరోక్ష కథనాలున్నాయి.

ఇంగ్లీషు బోధనకు జాతీయ సంస్థ కూడా ఇదే నగరంలో 1958లో వచ్చింది. ఇప్పటి ఇఫ్లూ అదే. ఉస్మానియాకు పక్కనే. తెలుగు వాక్యాన్ని విప్పినవాళ్ళూ, ఇంగ్లీషు ఎలా నేర్పాలో ఆలోచించినవాళ్ళూ ఇంత దగ్గరలో పనిచేసిన ఊరికి ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న మా చౌరస్తాలో, పిల్లల చేతుల్లో మాత్రం 'దట్ ఎక్కడుందో చూడు' అనే నోట్సే ఉంది.

చెవి పెట్టే పరీక్ష

నోట్సు చేయలేని పని తెలుగు చేస్తుంది. 'వెన్' ఉంటే ఎడ్వర్బ్ క్లాజ్ అని గుర్తుపెట్టుకున్న పిల్లలకు ఈ మూడు ఇవ్వండి:

'ఐ డోంట్ నో వెన్ హి కేమ్.'
'ఐ లెఫ్ట్ వెన్ హి కేమ్.'
'ఐ రిమెంబర్ ద డే వెన్ హి కేమ్.'

మూడింటిలోనూ అవే మూడు మాటలు, 'వెన్ హి కేమ్.' ఇంగ్లీషులో రూపం మారలేదు. ఇప్పుడు తెలుగులో చెప్పమనండి. 'ఎప్పుడు వచ్చాడో తెలియదు.' 'వచ్చినప్పుడు బయల్దేరాను.' 'వచ్చిన రోజు గుర్తుంది.' తోకలు మూడూ వేరు. '-ఓ' వస్తే నౌన్ క్లాజ్. '-నప్పుడు' వస్తే ఎడ్వర్బ్. '-న' తర్వాత నామవాచకం వస్తే ఎడ్జెక్టివ్. బెకర్ అడిగిన 'ఏం పని చేస్తోంది' అన్న ప్రశ్నకు ఇంగ్లీషు రూపం జవాబు దాచింది. తెలుగు రూపం పైకి చెప్పేసింది.

ఇంకా చిక్కయినది 'దట్'. 'ద న్యూస్ దట్ హి బ్రాట్', 'ద న్యూస్ దట్ హి రిజైన్డ్' అనే రెండింటి మధ్య తేడా చెప్పమని పరీక్షల్లో అడుగుతుంటారు. తెలుగులో మొదటిది 'అతను తెచ్చిన వార్త', రెండోది 'అతను రాజీనామా చేశాడన్న వార్త'. రెండోదాంట్లో 'అన్న' దూరింది. దాన్ని తీసేసి 'అతను రాజీనామా చేసిన వార్త' అంటే, కొందరు వాడినా, చెవికి ఏదో తక్కువైనట్టుంటుంది. వార్తలో ఉన్న విషయమే చెప్తున్నప్పుడు మనం 'అన్న', 'అనే' అంటాం. ఆ వార్త ఎలాంటిదో చెప్తున్నప్పుడు అనం. కాబట్టి 'అన్న' పలికితే నౌన్ క్లాజ్, పలకకపోతే ఎడ్జెక్టివ్ క్లాజ్. దీన్ని ఒక ఆదివారం చెప్పినప్పుడు ఒకమ్మాయి, 'ఇది మాకు ముందే వచ్చు కద సార్' అంది. వచ్చు. ఎవరూ అడగలేదు.

ఈ పరీక్షకు హద్దులున్నాయి. 'వచ్చినప్పుడు' అన్నదాన్నే విడదీస్తే 'వచ్చిన' పక్కన 'అప్పుడు' ఉంటుంది. అంటే లోపల ఎడ్జెక్టివ్ రూపమే. పని చూసి చెప్పాలి తప్ప అక్షరాలు చూసి కాదు. తెలుగు ఉపవాక్యాల్లో సమాపక క్రియ అసలుండదని కూడా అనుకోకూడదు. 'వస్తానని', 'వచ్చాడో', 'వచ్చాడు కాబట్టి' అన్నవాటిలో ఉంది. ఒకచోట మాత్రం తెలుగు చెవి బొత్తిగా సాయం చేయదు. 'యూజర్స్ హూ హావ్ నాట్ పెయిడ్' అన్నదాన్ని కామాలు లేకుండా రాస్తే డబ్బు కట్టనివాళ్ళు మాత్రమే. 'హూ'కు ముందు ఒకటి, 'పెయిడ్' తర్వాత ఒకటి కామా పెడితే యూజర్లు అందరూ కట్టనివాళ్ళే. తెలుగులో రెండూ 'డబ్బు కట్టని యూజర్లు'. ఆ వాక్యం చివర 'తొలగించాలి' అని ఉందనుకోండి, కామా చూడని ప్రోగ్రామరు ఎవరి ఖాతాలు తీసేస్తాడు? ఇక్కడ ఇంగ్లీషు కామానే నేర్పాలి, వేరే దారి లేదు.

అటునుంచి ఇటు

తెలుగే ఎప్పుడూ తలవంచాలన్న రూలు ఎక్కడా లేదని హైదరాబాదు వీధులు చెప్తాయి. ఉర్దూకు 'జో... వో' ఉంది, 'కి' ఉంది. బోర్డు ముందే పెట్టే భాష. కానీ మన దక్కనీలో 'నై ఆతూఁ బోల్‌కే బోలా' అంటారు. ఆ 'బోల్‌కే' మన 'అని'. వాక్యం చివర, తోకలో. 'జో ఆద్మీ కల్ ఆయా' అనాల్సినచోట 'కల్ ఆయా సో ఆద్మీ' అంటారు. అచ్చంగా 'నిన్న వచ్చిన మనిషి' వరసే. శతాబ్దాలపాటు పక్కపక్కన బతికిన భాష, మాటలు తనవే ఉంచుకుని ఉపవాక్యం కట్టే తీరు మాత్రం దక్షిణాదినుంచి తీసుకుంది. చౌరస్తాలో చాయ్ తాగుతూ ఈ దక్కనీ మాట్లాడేవాళ్ళను ఎవరూ వ్యాకరణం రానివాళ్ళు అనరు.

తెలుగూ తీసుకుంటూనే ఉంది. 'ఎవరైతే దరఖాస్తు చేసుకున్నారో వారు' అని టీవీలో వినబడితే ఇంగ్లీషు నీడ అని విసుక్కుంటాం. 'దరఖాస్తు చేసుకున్నవారు' అంటే సరిపోయేచోట అది బరువే. అయితే 'ఎంత చెట్టుకు అంత గాలి' అన్న సామెతలో ఉన్నదీ ఆ జంటకట్టే. అది మన జానపదుల నోట్లోనిది. పరాయిదని గెంటేయడానికి లేదు.

ఇంగ్లీషులో మనం రాసే మొదటి ఉత్తరం లీవ్ లెటర్. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని మొదలవుతుంది. కారణం ముందు, పని తర్వాత. 'నాకు జ్వరంగా ఉన్నందువల్ల' అనే తెలుగు వరస దానికి సరిగ్గా సరిపోయింది గనకే మూడు తరాలుగా అది ఎవరికీ కష్టమనిపించలేదు. ఐదో తరగతిలోనే మన పిల్లలు తప్పులేకుండా రాసేసిన ఎడ్వర్బ్ క్లాజ్ అది. దానికి పేరుందని చెప్పేది మాత్రం ఇంకెప్పుడో, అదీ 'యాజ్' చూసి గుర్తుపట్టమని.

తెలుగువాళ్ళ కోసం ఇంగ్లీషు వ్యాకరణం ఎవరైనా కొత్తగా రాస్తే, క్లాజుల అధ్యాయం మొదటి పేజీలో 'దట్', 'విచ్'ల పట్టిక ఉండనక్కర్లేదు. '-న', '-తే', '-ఓ', '-నప్పుడు', 'అని', 'అన్న' అనే ఆరు తోకలు పెట్టి, ఒక్కొక్కదాని ఎదురుగా అది ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఏ తల పెట్టుకుంటుందో రాస్తే చాలు. చిన్నయసూరి రూపాలిచ్చాడు, బెకర్ పనులు చెప్పాడు, చేరా రూపానికీ పనికీ తెలుగులో ముడివేశారు. మిగిలింది ఆ ఒక్క పేజీ. మా పిల్లలకు చేత్తో రాసిచ్చిన కాగితం ఇప్పటికైతే ఫొటోకాపీల్లో తిరుగుతోంది.